పదకొండు సెకన్లు

కెమెరా ముందు మూడు గంటలు మాట్లాడాను.
సినిమాలో పదకొండు సెకన్లు ఉన్నాను,
అందులో నాలుగు తుమ్ముకే పోయాయి.

కింద పేరు వేశారు: ఆర్లీన్ క్లాస్‌నర్, గుమ్మం దగ్గర.
అబద్ధమేం కాదు.
తొమ్మిదేళ్ళు ఆ గుమ్మం దగ్గరే ఉన్నాను,
మడతకుర్చీలో, ఒళ్ళో చుట్టల డబ్బా,
డబ్బాలో నలిగిన డాలర్లు.
వీధిలో నెబ్రాస్కా మంచు, వీపు వెనక లాండ్రీ వేడి,
కాళ్ళ కింద నేలమాళిగలో
పంతొమ్మిదేళ్ళ పిల్లలు ప్రపంచాన్ని ఉతికి ఆరేస్తుండేవారు.

పగలు నాకు యూనివర్సిటీ లైబ్రరీలో కొలువు.
అక్కణ్ణుంచి ఎత్తుకొచ్చిన ముద్రనే
రాత్రి మణికట్ల మీద కొట్టేదాన్ని:
తిరిగి ఇవ్వవలసిన తేదీ, అక్టోబరు పద్నాలుగు.
ఎవరికి, ఏం తిరిగివ్వాలో
ఒక్కడూ అడగలేదు.
చెయ్యి చాచేవారు, సిరా ఊదుకుంటూ మెట్లు దిగేవారు.

సినిమాలో న్యూయార్క్ నుంచి ఒకాయన, గుండ్రటి కళ్ళద్దాలు,
ఈ ఊరి పాటలో ఒక కుంటి దరువు ఉందంటాడు.
మైదానాల గాలి అట. గూడ్సు రైళ్ళ ఒంటరితనమట.
హాల్లో నేనొక్కదాన్నే నవ్వాను.
తాళంచెవులు నా దగ్గర ఉండేవి గానీ
తాళం మాత్రం ఆరో నంబరు డ్రయర్‌ది.
దాని కడుపులో ఎవరిదో బూటు ఇరుక్కుంది.
ధన్, ధన్, కాస్త ఆగి, ధడేల్.
పైనుంచి ఆ చప్పుడు దిగుతుంటే
లైనస్ హ్రుష్కా డ్రమ్ముల ముందు కూర్చుని
దాన్ని ఓడించలేక, దానితోనే రాజీపడ్డాడు.
తర్వాత వచ్చిన ప్రతి డ్రమ్మరూ లైనస్‌ని చూసి నేర్చుకున్నాడు.
బూటు ఎవరూ తీయలేదు.
మిసెస్ థుయ్‌కి ఆ సంగీతం గిట్టేది కాదు,
అద్దె గిట్టుబాటయ్యేది.

అంతా ఆ అగ్నిప్రమాదంతో ముగిసిందంటుంది సినిమా.
తెర మీద మంటలు బాగా వచ్చాయి, వయొలిన్లతో సహా.
నేను చెప్పింది కోసేశారు:
ప్రతి మే నెలలోనూ ముగిసేది, నాయనా.
నల్ల గౌన్లు, గాల్లోకి టోపీలు,
అయోవా నుంచి, కాన్సస్ నుంచి నాన్నల వ్యాన్లు.
బేస్ వాయించేవాడికి ఒమాహాలో బ్యాంకు,
పాడేవాడికి లా కాలేజీ,
కాలిబాట మీద ఒక ఆంప్లిఫయర్,
దానికో చీటీ: పనిచేస్తుంది, కొట్టాలి.
ఆగస్టులో కొత్త పిల్లలు, కొత్త పేర్లు.
తడి అగ్గిపుల్లలు. డీన్ గారి కుక్క. మూడో అంతస్తు వరద.
అదే ఆంప్లిఫయర్, అదే దెబ్బ.

ఇంకో మాట కూడా చెప్పాను, అదీ పోయింది.
తొమ్మిదేళ్ళలో ఒక్క కచేరీ కూడా నేను చూడలేదు.
డబ్బా వదిలి ఎలా వెళ్తాను?
విన్నదంతా అరికాళ్ళతోనే విన్నాను.
పాడేటప్పుడు వాళ్ళ మొహాలు ఎలా ఉండేవో
మొన్న తెర మీదే మొదటిసారి చూడటం.
ఇంత చిన్నపిల్లలని నాకు తెలీదు.

డెల్ఫీన్ రూడ్ ఒక్కతే ఏ మే నెలలోనూ వెళ్ళలేదు,
చదువు మానేసింది కనుక.
పిట్ట కొంచెం, కూత మాత్రం రైలు పట్టాలు దాటి
ధాన్యం గోదాముల దాకా.
ఒక రాత్రి గిటారు తీగ తెగి చెంప చీరింది.
పాట ఆపలేదు. నా రుమాలు ఆమె దగ్గరే ఉండిపోయింది.
సినిమాలో మాట్లాడనందట.
ఖాళీ కుర్చీ చూపించారు, దాని మీద సాయంత్రపు వెలుగు.
ఎంత బాధో అని హాలంతా నిట్టూర్చింది.
బాధా లేదు, ఏమీ లేదు. సోయా కోతల రోజులవి, తీరిక లేదు.

దీపాలు వెలిగాక చూశాను, చివరి వరుసలో
విత్తనాల కంపెనీ టోపీ, చెంప మీద సన్నటి గీత.
జనం లేచి చప్పట్లు కొడుతున్నారు, దర్శకుడు ఏడుస్తున్నాడు.
ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.
బాగున్నావా అనలేదు. గుర్తున్నానా అనలేదు.
"ఆ బూటు ఎవరిదో తెలిసిందా?" అంది.

"ఎడమ కాలిది" అన్నాను. "పదో నంబరు."

రుమాలు సంగతి ఇద్దరం ఎత్తలేదు.