రెండు మురుకులు

పెరంబూర్ రైల్వే ఆస్పత్రి, మొదటి అంతస్తు,
గిలగిల్లాడే ఫ్యాను కింద తేన్మొళి బల్ల.
నా కూతురికంటే చిన్నదే అయివుంటుంది.
నా నోటుపుస్తకం తిరగేసి
పెన్ను మూతతో పూటపూటా తట్టుకుంటూ పోయి
చివర తలెత్తింది.
"సార్, ఈ లెక్క నిజమైతే మీరీపాటికి
కిటికీలోంచి ఎగిరిపోవాలి."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

పద్నాలుగు వారాలు.
తొమ్మిది కిలోలు దిగి, ఆ తర్వాత
విల్లివాక్కం సిగ్నల్ దగ్గర గూడ్సుబండిలా
ముల్లు నిలబడిపోయింది.
షాపులో అందరూ "కోదండపాణీ, సగమైపోయావయ్యా" అంటారు.
నా బెల్టుకి కొత్త చిల్లు పొడిచిన సెల్వమణి మాత్రం
"పాతదానికీ దీనికీ అరంగుళమే అన్నా" అన్నాడు.
వాడితో మూడు రోజులు మాట్లాడలేదు.

"నాలుగింటి టీ రాశారు. టీతో ఏం తింటారు?"
ఏమీ లేదన్నాను.
చూస్తూ ఊరుకుంది.
ఆ ఊరుకోవడంలో ఏముందో,
రెండు మురుకులన్నాను. అప్పుడప్పుడూ.
మనవడు కంచంలో వదిలేసిన పెరుగన్నం, పారేయలేక.
ఆదివారం వంజరం వేపుడు, ఉప్పు చూడ్డానికని ఒక ముక్క,
ఉప్పు సరిపోయిందో లేదోనని ఇంకో ముక్క.
దొంగసొత్తు ఒక్కొక్కటే బల్లమీద పెడుతున్నట్టు
చెమట పట్టింది.

"ఇదొకటి సార్. ఇంకొకటి వినండి.
రేపట్నుంచి రెండు వారాలు తగ్గడం ఆపేయండి."
"తినెయ్యమనా?"
"మెయ్యమనలేదు. సరిపడా తినమన్నాను.
మధ్యాహ్నం ఇంకో గరిటె అన్నం, రాత్రి ఇంకో దోసె.
కాటా కాస్త పైకి పోతుంది. నీళ్లూ ఉప్పూ. బెదరకండి.
పదిహేనో రోజు మళ్లీ మొదలు.
ఆ తేదీ ఇప్పుడే, నా ముందే రాసుకోండి."

చిత్రం. మురుకుల మాటకి ఉలుకొచ్చింది గానీ
భయమేసింది మాత్రం ఈ మాటకే.
లంఖణం పరమౌషధం అనేవాడు మా నాయన,
జ్వరమొచ్చినా అదే, అప్పులవాడొచ్చినా అదే.
ఎప్పుడు ఆపాలో చెప్పకుండా పోయాడు.

ముప్పై ఏళ్లుగా రైలుపెట్టెల అడుగులు అతుకుతున్నవాణ్ణి.
కుర్ర వెల్డర్లకి నేనే చెబుతాను:
ఒక పాస్ అయ్యాక ఆగరా,
స్లాగ్ కొట్టు, బ్రష్ తిప్పు, చల్లారనీ.
ఆత్రంగా ఒకదాని మీదొకటి పోసుకుపోతే
పలక వంకర తిరుగుతుంది,
తర్వాత ఎంత బాదినా దారికి రాదు.
ఆగడమూ పనేరా అని
అరిచిన గొంతు ఇదే.

మొదటిరోజు తాయారు రెండో గరిటె వేసింది.
కంచం వంక చూస్తూ కూర్చున్నాను.
"పరీక్ష కాదు, అన్నం," అంది.
తిన్నాను.
ఇల్లేమీ కూలలేదు.
నాలుగోరోజుకి అరచేతులు వెచ్చబడ్డాయి.
ఆరోరోజు మనవడు నా కళ్లజోడు విరిస్తే అరవలేదు,
అరవలేదని వాడే అనుమానంగా చూశాడు.
కాటా ఎక్కాను. ఒకటీ ఆరువందలు పైకి.
నీళ్లూ ఉప్పూ, నీళ్లూ ఉప్పూ అని జపం చేస్తూ
దాన్ని అటక మీదికి తోశాను.
పదకొండోరోజు అన్నానగర్‌లో పెళ్లి.
సరిపడా అన్నమాట
పాయసం దాకా నిలవలేదు.
అదీ రాశాను.

ఇవాళ పదిహేను.
నాలుగింటికి టీ గ్లాసులొచ్చాయి.
సెల్వమణి పొట్లం విప్పాడు.
గ్లవుజులు విప్పి, జేబులోంచి పుస్తకం తీసి
మురుకులు, రెండు, అని రాశాను.
వాడు నా భుజం మీదుగా చదివాడు.
ఏమీ అనలేదు,
తేన్మొళిలాగే ఊరుకున్నాడు.

రెండు కొట్టేసి
మూడు వేశాను.