దీపం ఆరలేదు

కలిగిరి రోడ్డులో నా షెడ్డు ముందు
ట్రాక్టరు మీంచి దించారు ఇంజన్ను.
అయిదు హార్స్‌పవర్. కట్టిన మోకులు ఇంకా విప్పలేదు.
"ఏందో తేడా ఉంది, చూడు" అన్నాడు బత్తాయితోట ఆసామి.

డీజిలు పోసి హ్యాండిలు తిప్పితే
రెండో తిప్పుకే అందుకుంది.
నాజిలు బాగుంది. పంపు బాగుంది.
పొగ కూడా నలుపెక్కలేదు.
తేడా ఇంజన్లో లేదని చెప్పడానికి
నాకు నోరు రాలేదు.

వింజమూరు మెట్టలో నీళ్లు ఏటికేడు కిందికి పోతాయి.
వాటి వెంట ఇంజనూ దిగాలి,
గట్టు మీద కూర్చుని అంత లోతు పీల్చలేదు కదా.
బావి లోపలి బండ మీద దిమ్మె కట్టి కూర్చోబెట్టారు.
రాత్రంతా తోడింది. తెల్లారి ఆపారు.
చప్పుడొక్కటే పైకొచ్చింది,
మిగతాది లోపలే ఉండిపోయింది.

పూడిక తీసే తిరపాలు
పెద్దోళ్ల మాట మరిచిన మనిషి కాదు.
ముందు లాంతరు కట్టి దింపాడు.
వెలుగుతూ పోయింది, వెలుగుతూనే వచ్చింది.
ఆరితే చెడ్డగాలి, వెలిగితే మంచిగాలి.
తాతల నాటి లెక్క అది,
ఇంజన్లు లేని నాటి లెక్క.

ఈ గాలికి దీపంతో పేచీ లేదు.
రంగు లేదు, వాసన లేదు, దగ్గయినా తెప్పించదు.
నెత్తురులో ఊపిరికి వేసిన పీట మీద
తనే ముందొచ్చి కూర్చుంటుంది,
లేవమన్నా లేవదు.
తల బరువైతే ఎండ అనుకుంటాడు మనిషి,
కాళ్లు తేలిపోతే
పొద్దున సద్ది తినలేదు కదా అనుకుంటాడు.

సగం నిండిన గంప పక్కన తిరపాలు కూలబడితే
బీడీకి ఆగాడనుకున్నాడు మాలకొండయ్య.
పిలిచాడు. మళ్లీ పిలిచాడు. దిగాడు,
బావమరిది కదా.

మూడో మోకు నడుముకు చుట్టుకున్న వెంగమ్మను
పక్క చేలో మిరక్కాయలు కోసేవాళ్లు
జుట్టు పట్టి వెనక్కి లాగారంట.
అప్పుడు తిట్టింది వాళ్లను.
ఇప్పటికీ తిడుతూనే ఉంది.

పైకి తీస్తే ఇద్దరి మొహాలూ ఎర్రగా,
ఎండన పడొచ్చి కునుకు తీసినట్టు.
"రంగు చూడండయ్యా, బతికే ఉండారు" అని
ఆత్మకూరు ఆసుపత్రి దాకా అరికాళ్లు రుద్దారు.

"ఎంతయింది?" ఆసామి జేబులో చెయ్యి పెట్టాడు.
"ఏమీ కాలేదు" అన్నాను.
అన్నాక, ఆ మాటకు నాకే ఒళ్లు జలదరించింది.

ట్రాక్టరు ఎక్కించేలోపు
తెల్లరంగులో వేలు ముంచి, ట్యాంకు మీద,
చదువు రానోళ్ల కోసం ఒక లాంతరు గీసి
దాన్ని అడ్డంగా కొట్టేశాను.
దాని కింద వంకర అక్షరాలతో:
నేను లోపలుంటే
నువ్వు దిగబాక.