లోపల వదిలిన గుడ్డ

కొరుక్కుపేటలో సగం మందికి కొలతలు తీసేదాన్ని,
నా కొడుకు తలకి టేపు చుట్టినప్పుడు మాత్రం
అంకె చదవలేకపోయాను.

నాలుగో నెల. కుడివైపు వెనక
ఎవరో అరచేత్తో అద్దినట్టు చదును.
లాలపోసే ఆయా సరిగ్గా ఒత్తలేదంది ధనకోటత్త.
పై వాటా ఆవిడ ఆవాల దిండు తెచ్చిచ్చింది.
మా ఆయన, టోపీ కుట్టవే, కనపడదు, అన్నాడు.
కుట్టాను కూడా. నీలంది, చెవుల మీదికి దిగేలా.

ఎగ్మోర్ ఆస్పత్రిలో యాళిని డాక్టరమ్మ
మొదట ఆ టోపీ తీసి పక్కన పెట్టింది.
వాణ్ణి నా ఒళ్ళో కూచోబెట్టి, తను లేచి నిలబడి
పైనుంచి చూసింది, బావిలోకి తొంగినట్టు.
తర్వాత బొటనవేలు
నుదుటి నుంచి మాడు దాకా, మాడు నుంచి చెవి వెనక్కి
మెల్లగా నడిపించింది.
ఆ వేలు నాకు తెలుసు.
కళ్ళు మూసుకుని చంకకుట్టు తడిమే వేలు.

"పుర్రెకీ కుట్లుంటాయి," అంది వచ్చీరాని తెలుగులో,
"మెదడు పెరగాలి కదా, ఇప్పుడే బిగించకూడదు."
బడి యూనిఫాం కుట్టేటప్పుడు లోపల
రెండంగుళాలు గుడ్డ వదులుతాను. అదన్నమాట.
మరి ఒక కుట్టు ముందే బిగిస్తే?
"గట్టు తగులుతుంది. కొన్నిట్లో చెవి వెనక్కి పోతుంది.
కత్తెర పడాలి."

కత్తెర.
రోజంతా నా చేతిలో ఉండే మాట
ఆ గదిలో ఎంత చల్లగా ఉందో.

వేలు ఇంకా వెతుకుతూనే ఉంది.
గట్టు లేదు.
చెవి జరిగింది, కానీ ముందుకి.
మెడ ఎడమకి తిప్పితే గింజుకున్నాడు, అయినా తిరిగింది.
"ఉయ్యాల్లో పడుకుంటే కుడివైపు ఏముంటుంది?"

ఏముంటుంది. గోడ, ట్యూబులైటు,
కిటికీ కింద నా మిషను.
పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా పెళ్ళిళ్ళ గిరాకీ.
మూడు నెలలూ ఆ టకటకల వైపే
తిరిగి పడుకున్నాడు.

ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో, ఏది ముందో గుర్తులేదు.
"స్కానింగు అక్కర్లేదు. మెలకువలో బోర్లా వెయ్యి,
నిద్రలో వెల్లకిలే. దిండు వద్దు. ఆర్నెల్లు నిండాక తీసుకురా."
చీటీలో మందే లేదు.

ఆ రాత్రి మిషను
అవతలి గోడకి ఈడ్చాను. పాత చోట
నా కాళ్ళు అరగదీసిన నేల బయటపడింది.
వాడు కాసేపు అటే చూశాడు, ఖాళీ వైపు.
దారం ఎక్కించి తొక్కాను.

మెడ
పావంగుళం
ఇటు.