మినిట్స్ పుస్తకం, ముప్పై ఒకటో పేజీ

శనివారం మధ్యాహ్నం, వ్యాసర్‌పాడి.
మూడో తరగతి గదిలో
పిల్లల బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని
ఏడుగురు పెద్దవాళ్ళం.
బడికి ఒక ఆశయం రాయాలి.
ఇన్‌స్పెక్షన్‌కు ముందే రాయాలి,
గేటు పక్క గోడ మీద నీలం రంగుతో,
తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి,
ఇంగ్లీషులో మాత్రం పెద్దక్షరాల్లో.

మినిట్స్ రాసేది నేను.
చేతిరాత బాగుంటుందని ఇచ్చారు,
నోరు తెరవదని కూడా.

జెకర్యా అయ్యగారి ప్రార్థన పొడుగ్గా సాగింది.
తర్వాత మాటలు.
శ్రేష్ఠత అన్నారు కోశాధికారి నెహెమ్యా గారు,
వాళ్ళ అల్లుడు పనిచేసే బడిలో అదే ఉందట.
దైవభక్తి ముందు రావాలా, విద్య ముందు రావాలా అని
అరగంట.
ఫ్యాను నా కాగితాలు లేపుతుంటే
చాక్‌పీసుల డబ్బా బరువు పెట్టాను.

"పరిశుభ్రత" అన్నారు ప్రిస్కిల్లా టీచరు.
అందరూ తలలూపారు,
ఇంత త్వరగా దేనికీ ఊపలేదు.
"మన పిల్లలు... తెలుసుగా" అన్నారామె,
మిగతా వాక్యం మింగేసి.

నా పెన్ను 'ప' దగ్గరే ఆగింది.

ఇదే గది. అప్పుడు రేకుల కప్పు.
నాకు ఎనిమిదేళ్ళు.
మా నాయన తెల్లవారుజామున మ్యాన్‌హోల్లోంచి పైకొచ్చి
రోడ్డు పక్కనే ఒక బకెట్టు కుమ్మరించుకుని
నన్ను బడి దగ్గర దించిన రోజు
టీచరు నన్ను కిటికీ పక్కకు జరిపారు.
కోపంగా కాదు. చాలా మెల్లగా.
"గాలి తగులుతుందమ్మా" అన్నారు.
గాలి ఎవరికో
ఇంటికెళ్ళాక అర్థమైంది.
ఏడాదంతా నా ఎదురుగా గోడ మీద
శుభ్రత గురించిన వాక్యమే.
దాన్ని చూసి దిద్దుకున్నాను అక్షరాలు.
అందుకే నా చేతిరాత బాగుంటుంది.

టీ తెచ్చింది ఆయా రూతమ్మ.
మాటలు విన్నట్టుంది.
"లారీ నిన్న కూడా రాలేదు సార్,
ఈ టీ నీళ్ళు మా ఇంటి బిందెలోవి" అంది,
చక్కెర చాలిందా అని అడిగినంత మామూలుగా.
కాసేపు ఎవరి గ్లాసూ పైకి లేవలేదు.

అప్పుడు నోరు తెరిచాను.
ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు,
మినిట్స్ రాసేవాళ్ళు తమ మాటలు రాసుకోలేరు.
ఆ రాత్రి ఆయన తువాలు నడుముకు చుట్టుకునే ముందే
పళ్ళెంలోకి నీళ్ళు ఎవరో మోసుకొచ్చి ఉంటారు కదా,
ఏ ఇంటి ఆడమనిషో, ఏ బావి నుంచో,
అని అడిగినట్టున్నాను.
మట్టి పాదాలవాళ్ళను ఆయన
కిటికీ పక్కకు జరపలేదని కూడా.
గొంతు వణికింది.
తెలుగు మధ్యలోకి తమిళం దొర్లింది.

అయ్యగారు కళ్ళజోడు తుడిచారు.
ప్రిస్కిల్లా టీచరు నన్ను చూడలేదు.
బయటికెళ్ళి వరండాలో కొళాయి తిప్పారు.
అది దగ్గింది.
ఇంకోసారి దగ్గింది.
ఒక తుప్పు చుక్క.

నెహెమ్యా గారు లెక్క వేశారు:
ట్యాంకు ఒకటి, చిన్న మోటారు,
పిల్లల ఎత్తులో ఆరు కొళాయిలు.
పెయింటరుకు అనుకున్నది కలిపినా
పద్నాలుగు వేలు తక్కువ.
శ్రేష్ఠతను ఆయన మళ్ళీ ఎత్తలేదు,
వదులుకోనూ లేదు. "చూద్దాం" అన్నారు.

"మరి పాఠాల సంగతి?" ఎవరో గుర్తుచేశారు.
నాలుగో తరగతికి నీళ్ళ పాఠం ఉంది.
మేఘం, వాన, నది, సముద్రం,
బాణాలతో గుండ్రటి బొమ్మ.
ఆ బొమ్మలో మా కాలువ లేదు,
కాలువలోకి దిగే మనిషి లేడు.
గీయించొచ్చా అన్నాను.
గీయించమన్నారు అయ్యగారు.
ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్ళాక అన్నారు నెహెమ్యా గారు.
రెండూ రాశాను.

ఆరింటికి లేచేసరికి
అందరికీ మోకాళ్ళు పట్టేశాయి.
చివరి పంక్తి కింద సంతకాలు తీసుకున్నాను:
ఆశయం వచ్చే శనివారానికి వాయిదా.
ప్లంబరు సోమవారం వస్తాడు.

గేటు పక్క గోడ
ప్రైమరు కొట్టిన తెలుపుతో అలాగే ఉంది.
దాని ముందు నుంచి రూతమ్మ వెళ్తోంది,
ఎంగిలి గ్లాసులన్నీ సంచిలో వేసుకుని,
ఇంటి దగ్గర కడిగి తేవడానికి.