మూడో మూట

చాపాడు సొసైటీ తలుపు తీయకముందే
చెప్పులు వరసలో నిలబడినాయి.
పిన్నీసు పెట్టిన జత సుంకులమ్మది.

బొటనవేలు పెట్టమన్నా.
కలుపు తీసీ తీసీ గీతలరిగిన వేలు,
మిషను గుర్తుపట్టలా.
నాలుకతో తడిపి, కొంగుతో తుడిచి
మళ్లా పెట్టింది, మళ్లా.
నాలుగోసారికి ఒప్పుకుంది గానీ
ఎకరాకు రెండే అనింది.

"నా వరికి చదువు రాదప్పా,
జీవో ఎట్ట తెలుస్తాది దానికి?"
వెనక వరసంతా నవ్వింది.
నేను నవ్వబోయి
గోడమీది కాగితం చూపించినా:
మోతాదు, శిక్ష, సంతకం, గుండ్రటి సీలు.

"పోయినేడు మీ మరిది కయ్య మర్చిపోతివా?
అంత యూరియా తాగి నల్లగా ఎదిగి
దోమపోటు తగిలి
ఒక్క వానకే చాప పరిచినట్టు పడిపాయ గదా."

"మర్చిపోలా" అనింది నిదానంగా.
"అయినా ఈ ఏడూ వాని కయ్య నల్లగుంటే
నాది పేదపచ్చ మాదిరి కనపడతాది నాయనా.
గట్టుమీద నిలబడాలంటే నామోషీ."

ఆ మాటకు మిషన్లో బటను లేదు.

రెండు మూటలు బండికెత్తించి
పోతా పోతా
ఖాళీ గోతమొకటి అడిగింది.
దానికి వేలిముద్ర అక్కర్లేదు, ఇచ్చినా.

సాయంత్రం సైకిలు మీద ఇంటికి పోతాంటే
కె.సి. కాలవ గట్టున
గొర్రెల మంద వెనకాల
వంగి వంగి నడస్తాంది.

"ఆ గుప్పెడు పెంటికలు యాడికి చాలతాయి పెద్దమ్మా!"
మందకాపరి అరిచినాడు.

ఆమె ఏమో అనింది.
కాలవ నిండుగా పారతాంది,
నాకు ఇనపళ్ళా.