కారణం: ఇతరములు

పదిహేడో ఖానా దగ్గర, గోడలోకి దింపిన ఇనప గొట్టంలో
చిటికెన వేలంత పరికరం వేలాడదీశాం.
లోపల నీటి ఒత్తిడి ఎంతో పావుగంటకోసారి
ధవళేశ్వరం గదిలో నా తెర మీదికి పంపుతుంది.
దానికి నిద్ర లేదు, జ్వరం రాదు,
మేనమామ కూతురి పెళ్లికని సెలవడగదు.
మొదటి వారం మాత్రం ఒక పీత
గొట్టంలోకి దిగి తీగ గిల్లింది.
ఆనకట్ట కింద బుంగ పడిందనుకుని
అర్ధరాత్రి ముగ్గురు ఇంజినీర్లు లుంగీల మీదే వచ్చారు.

పీతను తీసేశాక మిగిలిన పని నాది.
యంత్రానికి నది అలవాట్లు తెలియాలంటే
పాత వరదలు కావాలట.
అట్టలూడిన రిజిస్టర్లు, చెదలు తిన్న జూలైలు,
ఒక పేజీ మీద టీ గ్లాసు అచ్చు,
ఒక పేజీ అంచున ఎవరివో పేకాట బాకీలు.
ఎక్కువ పేజీల్లో ఒకటే రాత, కుడికి వాలిన రాత.
కింద సంతకం: నే. ఏసుపాదం, లష్కరు.

నది ఎప్పుడూ తిన్నగా పెరగదు.
ఆగుతుంది. అంగుళం దిగినట్టు నటిస్తుంది.
ఎగువన శబరి కలిసిన సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు
ఉన్నట్టుండి మోకాలెత్తు లేస్తుంది.
ఆయన అంకెలూ అలాగే తడబడేవి,
అందుకే నమ్మాను.
ఒక్క రాత్రి తప్ప.
ఎనభయ్యారు వరదలో, పదకొండు నుంచి నాలుగు దాకా
గంటకు మూడంగుళాలు, గంటకు మూడంగుళాలు,
ఎక్కాల పుస్తకంలా.

బొబ్బర్లంకలో గట్టు కింద
కొబ్బరి డొక్కలు ఎండేస్తున్నాడాయన.
"కంప్యూటర్లో దొరికిపోయానాండి?" అన్నాడు.
"కంప్యూటర్‌కి తెలీదండి. నాకే అనుమానమొచ్చింది."
డొక్కలు రెండు తిరగేశాడు. మూడోది తిరగెయ్యలేదు.

"లాంతరు గేజీ మెట్టు మీద పెట్టేసి
నాటు పడవేసుకుని లంకలోకెళ్లానండి.
మా అమ్మ చూరు కింద మంచమెక్కి కూర్చుంది.
గేదె రాకపోతే నేనూ రాననేసిందండి.
దాన్ని పడవెక్కించలేం కదాండి.
పలుపు ఆవిడ చేతికిచ్చి నేను తెడ్డేశాను.
పాయ మధ్యలో పలుపు తెగింది.
చీకట్లో దాని బుస మటుకు పక్కనే వినపడతా ఉంది.
అదెటు ఈదితే అటే పోనిచ్చానండి పడవ.
గట్టు దానికే ముందు తెలిసింది.

నాలుగ్గంటలకొచ్చి చూస్తే
లాంతరూ లేదు, లాంతరెట్టిన మెట్టూ లేదు.
వెళ్లేప్పటి అంకె ఉంది, వచ్చేప్పటి అంకె ఉంది.
మధ్యలోది సమానంగా పంచేశాను,
అన్నదమ్ములకి చేను పంచినట్టు."

ఆ అయిదు గంటల్లో గండి పడుంటే అని
నేను అడగలేదు.
"పడుంటే కింద పదూళ్లండి," ఆయనే అన్నాడు.
కాసేపాగి,
"మీ గొట్టంలోది ఎక్కడికీ ఎళ్లదు కదాండి?"
"వెళ్లదండి."
"దానికెవరూ లేరు కదా."
"లేరండి."
"ఆయ్. మంచిదండి," అని
నలభై ఏళ్లకు రిలీవరు వచ్చినవాడిలా
భుజం మీది తువ్వాలు తీసి దులుపుకున్నాడు.

గదికి తిరిగొచ్చి అయిదు అంకెలూ చెరిపేశాను.
ఖాళీ గడి ఒప్పుకోనంది తెర. కారణం అడిగింది:
బ్యాటరీ అయిపోయింది,
తీగ తెగింది,
సిగ్నల్ లేదు,
పరికరం చెడింది,
అన్నిటికీ అడుగున, ఇతరములు.
నొక్కాను. వివరించమంది,
నలభై అక్షరాలు దాటకుండా.

లష్కరు ఏటి అవతల ఉన్నాడు, అని కొట్టాను.
సరిపోయింది, ఇంకా చోటు మిగిలింది.

కిటికీ అవతల ఎర్రనీళ్లు తలుపుల కింద నుంచి ఉరుముతున్నాయి.
పావుగంట అయినట్టుంది,
పదిహేడో ఖానా అంకె మారింది.
గేదె ఆ తర్వాత ఎన్నాళ్లు బతికిందో
అడగడం మర్చిపోయాను.