కన్నీటి చిల్లు

మూడు వారాలుగా నీళ్లు పోస్తున్నాను.
పొద్దున్నే ఒక సీసా, ఒక్కోరోజు ఒకటిన్నర.
కింద పరిచిన అట్టముక్క మాత్రం
పొడిగా పడుకుని నన్ను వెక్కిరిస్తుంది.
తాగుతోంది. ఎక్కడ పోస్తోందో చెప్పదు.
మూగనోము పట్టింది.

యాభై ఎనిమిది మోడల్ ఫియట్, నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దది.
అస్మారా పెళ్లికూతుళ్లను మోసి మోసి
వెనక సీటు స్ప్రింగులు కూడా
మెల్లగా మూలగడం నేర్చుకున్నాయి.
శనివారం తెరహాస్ కూతుర్ని మస్సావాలో దింపాలి.
దిగడానికేం, రాయి కూడా దిగుతుంది.
ఎక్కడమే.
సముద్రం ఒడ్డు నుంచి మబ్బుల పైదాకా
మెలిక తరవాత మెలిక.
నెఫాసిత్ దాటితే చాలు, ఉష్ణోగ్రత ముల్లు
అప్పులవాడిలా ఎర్రగీత వైపు నడిచొస్తుంది.

పోయిన నెల అక్కడే ఆగిపోయాను.
రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి చెయ్యి పెట్టబోతే
బెలెస్ పళ్లమ్మే పిల్ల కేక పెట్టింది:
"ఆగు మావా, చర్మం ఊడొస్తుంది!"
గంటసేపు కూర్చున్నాం.
లోయలోంచి మంచు పైకెక్కుతుంటే చూశాం.
ముళ్లు గీకి ఒక పండు చేతిలో పెట్టింది.
డబ్బులు తీసుకుంది.

వాసన ఉంది, అది నిజం. తియ్యగా,
పాకం మాడబోయే ముందు వచ్చే వాసన.
హోసులన్నీ పిసికి చూశాను, క్లిప్పులు బిగించాను.
తడి జాడ తెలుస్తుందని
మా ఆవిడ పౌడరు డబ్బా సగం ఇంజను మీద చల్లాను.
స్టార్టు చేయగానే ఫ్యాను
అదంతా తిప్పి నా మొహానే కొట్టింది.

ఇక అబ్రెహెత్ దగ్గరికి వెళ్లక తప్పలేదు.
యుద్ధం రోజుల్లో కొండ తొలిచిన గుహల్లో
దీపం మూసుకుని లారీలు విప్పిన మనిషి.
రబ్బరు గొట్టం ఒక కొస పంపుకు ఆనించి
రెండో కొస చెవిలో పెట్టుకుంది.
తరవాత చేతి అద్దం కిందికి పోనిచ్చి
"ఇక్కడేం పూశావ్?" అంది.

పంపు మెడ కింద, బఠాణీ గింజంత,
బూడిదరంగు జిగురు ముద్ద.
నేనే. రెండేళ్ల కిందట.
అక్కడో చిల్లు ఉండేది, రోజూ ఒకటో రెండో చుక్కలు.
చిల్లు కనిపిస్తే పూడ్చనా మరి?

"పోతపోసిన వాళ్లే పెట్టిన చిల్లు అది.
లోపల సీలు అరిగితే బయటికి ఏడవడానికి.
దాని కళ్లు మూసేశావు.
నీళ్లు ఎటు పోతాయి? బేరింగులోకి."
పుల్లీ పట్టుకుని ఊపింది.
ఊడబోయే పాలపన్నులా కదిలింది.
బేరింగును తొలుచుకొచ్చిన నీటిని
ఫ్యాను తుంపర చేసి, వేడి ఇనుము ఆర్పేసి,
నా అట్టముక్కకు ఒక్క చుక్క మిగల్చలేదు.

ఊళ్లో సామాను దొరకదు.
కడ్డీని జెరాయ్ లేతు మీద కొత్తగా తిప్పాడు.
బేరింగు ఓ పాత పిండిమర మోటారుది.
గాస్కెట్‌కి మందపాటి అట్ట కావాలంటే
జేబులో ఉన్నది పెళ్లిపిలుపు ఒక్కటే.
పంపు మొహం మీద పరిచి
గుండ్రటి సుత్తితో అంచు కొట్టి కోసింది.
ఫెవెన్ పేరులో సగం గ్రీజు పూసుకుని
ఇంజను లోపల ఉండిపోయింది.
పెళ్లికొడుకు పేరు కింద పడితే
ఆమె బూటుతో పక్కకి నెట్టింది.

చివర్లో సైకిలు పుల్లతో చిల్లు పొడిచి
"కుదురుకునేదాకా కాస్త ఏడుస్తుంది," అంది.
"దాని జోలికి పోకు."

శనివారం సాయంత్రం తిరుగుదారిలో
వెనక సీట్లో తెరహాస్ ఒక్కతే.
ఒడిలో ఖాళీ బుట్ట. దారంతా ఒక్క మాట లేదు.
నెఫాసిత్ దాటాను. ముల్లు మధ్యలోనే ఉంది.
అయినా ఆపి, బానెట్ ఎత్తి, వంగి చూశాను.
చిల్లు అంచున ఒక చుక్క.
వేలు దాకా వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను.

"మళ్లీ ఉడికిందా మావా?"
"లేదు."
"మరెందుకు ఆగావు?"
"నాలుగు పళ్లివ్వు," అన్నాను.
వెనక తెరహాస్ కిటికీ అద్దం దించుతున్న చప్పుడు,
బిగుసుకుపోయిన పాత అద్దం,
కొంచెం కొంచెంగా.